నమ్మిన దారిలోనే వస్తున్న సైబర్ దాడులు: సంస్థలు తేరుకునేది ఎలా?

క్లుప్తంగా: సంస్థలు నమ్మి తెరిచి ఉంచిన దారుల్లోంచే ఇప్పటి పెద్ద సైబర్ దాడులు లోపలికి వస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, బయటి సేవా సంస్థలు, తెలిసిన గొంతుతో వచ్చే ఫోన్లు, అన్నీ దాడికి దారులే. ప్రతి దాడినీ ఆపడం ఎవరి వల్లా కావడం లేదు. అందుకే దెబ్బ తగిలాక ఎన్ని రోజుల్లో పని మళ్లీ మొదలైందన్నది సంస్థ బలానికి కొలతగా మారుతోంది. గత పదేళ్ల ఘటనలు చూస్తే ఆ బలం ముందస్తు సాధనతోనే వస్తుందని తెలుస్తుంది.

2021 మే 14 తెల్లవారుజామున ఐర్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ హెచ్‌ఎస్‌ఈ ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, విప్పడానికి డబ్బు అడిగే) దాడికి గురైంది. ఆ సంస్థ కంప్యూటర్ వ్యవస్థలో దాదాపు 80 శాతం ఎన్‌క్రిప్ట్ అయిపోయింది, అంటే కీ లేకుండా చదవలేనట్టు మారిపోయింది. దేశమంతటా ఆసుపత్రులు కాగితం, కలంతో పని నడిపాయి. అపాయింట్‌మెంట్లు పెద్దఎత్తున రద్దయ్యాయి. అయితే ఆరు రోజుల తర్వాత ఎవరూ ఊహించనిది జరిగింది. దాడి చేసిన కాంటి ముఠా, ఎన్‌క్రిప్షన్ విప్పే కీని డబ్బు తీసుకోకుండానే ఇచ్చేసింది.

కీ చేతికొచ్చింది కాబట్టి వారం పది రోజుల్లో అంతా సర్దుకోవాలి. అలా జరగలేదు. సర్వర్లన్నీ తిరిగి తెరుచుకునేసరికి సెప్టెంబర్ 21 వచ్చింది. అంటే కీ ఉన్నా నాలుగు నెలలు పట్టింది. ఆ ఏడాది చివర్లో వెలువడిన స్వతంత్ర దర్యాప్తు నివేదిక కారణాలను విడమరిచి చెప్పింది. మార్చి 18న ఒక ఉద్యోగి ఈమెయిల్‌లో వచ్చిన ఎక్సెల్ ఫైల్ తెరవడంతో దాడి మొదలైంది. తర్వాత ఎనిమిది వారాలు దుండగులు నెట్‌వర్క్‌లో తిరుగుతూనే ఉన్నారు. హెచ్చరికలు చాలానే వచ్చినా వాటి వెంట పడి చూసినవారు లేరు. సైబర్ భద్రతకు సంస్థ మొత్తం మీద బాధ్యత వహించే ఉన్నతాధికారే లేరు. ఏ వ్యవస్థను ముందు లేపాలి, ఏది తర్వాత అన్న జాబితా కూడా సిద్ధంగా లేదు.

సైబర్ భద్రత అంటే ఇంతకాలం గోడ ఎత్తు పెంచడమేనన్న ఆలోచనతో చాలా సంస్థలు ఖర్చు పెట్టాయి. గోడ అవసరమే. కానీ హెచ్‌ఎస్‌ఈని నాలుగు నెలలు కూర్చోబెట్టింది గోడ లోపల ఉన్న పరిస్థితి.

అప్‌డేట్ రూపంలో వచ్చిన ముప్పు

2017 జూన్ 27న ఉక్రెయిన్‌లో మొదలై గంటల్లో ప్రపంచాన్ని చుట్టేసిన నాట్‌పెట్యా అనే హానికర ప్రోగ్రామ్, ఎం.ఈ.డాక్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దాక్కుని వచ్చింది. ఉక్రెయిన్‌లో పన్నులు దాఖలు చేయడానికి చాలా కంపెనీలు వాడేది ఆ సాఫ్ట్‌వేర్‌నే. అంటే బాధిత కంపెనీలు చేసిన తప్పల్లా అప్‌డేట్ వేసుకోవడమే. భద్రతా నిపుణులు రోజూ చెప్పే మంచి అలవాటు అదే కదా! మొత్తం నష్టం 1,000 కోట్ల డాలర్లని అమెరికా ప్రభుత్వం అంచనా వేసింది.

2020 డిసెంబర్‌లో బయటపడ్డ సోలార్‌విండ్స్ ఘటన ఇదే పద్ధతిని ఇంకా ఓపికగా వాడుకుంది. ఓరియన్ అనే నెట్‌వర్క్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ తయారీ దశలోనే దుండగులు తమ కోడ్‌ను చేర్చారు. కంపెనీ డిజిటల్ సంతకంతో వెలువడిన ఆ అప్‌డేట్‌ను సుమారు 18,000 సంస్థలు దించుకున్నాయి. అంతమందిలో నిజంగా లోతుగా గాలించింది కొద్దిమంది నెట్‌వర్క్‌లనే, వాటిలో అమెరికా ప్రభుత్వ శాఖలూ ఉన్నాయి. దీన్ని పట్టుకున్నది ఫైర్‌ఐ అనే భద్రతా సంస్థ. తమ ఉద్యోగి ఖాతాకు తెలియని ఫోన్ ఒకటి జతైందని గమనించి, ఆ చిన్న తీగ పట్టుకుని లాగితే ఇంత డొంక కదిలింది.

2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ యుటిల్స్ వ్యవహారం ఈ వరుసలో అన్నిటికంటే ఆలోచింపజేసేది. లినక్స్ వ్యవస్థల్లో ఫైళ్లను కుదించడానికి వాడే ఉచిత కోడ్ అది. దాన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా, జీతం లేకుండా ఒక వ్యక్తి నిర్వహిస్తూ వచ్చారు. జియా టాన్ అనే మారుపేరుతో వచ్చిన ఎవరో రెండేళ్లకు పైగా సాయం చేస్తూ, మంచి కోడ్ రాస్తూ, నమ్మకం సంపాదించి, చివరికి నిర్వహణ హక్కులు పొందారు. ఆ తర్వాత అందులో దొంగదారి పెట్టారు. మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఒక పరీక్ష చేస్తుండగా, లాగిన్ అవ్వడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానించారు. ఆ అర సెకనును ఆయన వదిలేసి ఉంటే ప్రపంచంలోని లెక్కలేనన్ని సర్వర్లకు ఆ దొంగదారి చేరేది. ఇంత కీలకమైన పునాదిని ఒక్కరి ఖాళీ సమయం మీద నిలబెట్టి, దాని మీద వ్యాపారాలు కట్టుకున్న కంపెనీలు ఆ ఒక్కరి బాగోగులు పట్టించుకోకపోవడం సాంకేతిక లోపం కంటే పెద్ద లోపం.

ఒక్క సంస్థ ఆగితే అందరూ ఆగడం

పైవన్నీ కావాలని చేసిన దాడులు. ఒకే సరఫరాదారు మీద ఆధారపడటం వల్ల వచ్చే ముప్పుకు మాత్రం శత్రువు కూడా అక్కర్లేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన లోపభూయిష్టమైన ఫైల్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. విమానాలు నిలిచిపోయాయి, ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం ఇవి మొత్తం విండోస్ కంప్యూటర్లలో ఒక్క శాతం కూడా లేవు. కానీ అవి ఉన్న చోట్లు కీలకమైనవి.

ఆ ఫైల్‌ను కంపెనీ 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకుంది. అప్పటికే ఆగిపోయిన కంప్యూటర్లను మాత్రం ఒక్కొక్కటిగా చేత్తో సరిచేయాల్సి వచ్చింది. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉన్నచోట దాన్ని తెరవడానికి రికవరీ కీ కావాలి. కొన్ని సంస్థల్లో ఆ కీలు దాచిన సర్వర్లు కూడా అదే నీలి తెరతో ఆగిపోయి ఉన్నాయి. పెట్టె తాళంచెవిని అదే పెట్టెలో పెట్టి మూసినట్టయింది.

అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికాలో వైద్య బిల్లులు, బీమా చెల్లింపులు నడిపే చేంజ్ హెల్త్‌కేర్ మీద ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దుండగులు లోపలికి వచ్చిన రిమోట్ లాగిన్ పోర్టల్‌కు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో రుజువు అడగడం) లేదని మాతృసంస్థ అధిపతే సెనేట్ ముందు ఒప్పుకున్నారు. దాడికి గురైంది ఒక్క కంపెనీ. డబ్బు రాక ఇబ్బంది పడింది దేశమంతటా ఉన్న ఆసుపత్రులు, మందుల దుకాణాలు. చివరికి తేలిన లెక్క ప్రకారం సుమారు 19 కోట్ల మంది సమాచారం బయటికి పోయింది. ఆ సంస్థ పేరు కూడా వినని రోగులు వారిలో ఎందరో ఉంటారు.

గొంతు, ముఖం కూడా నమ్మలేని కాలం

2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు ఖాతా నుంచి దాదాపు 95 కోట్ల డాలర్లు కాజేయడానికి దుండగులు దొంగ ఆదేశాలు పంపారు. వాటిలో ఒకదాంట్లో ‘ఫౌండేషన్’ అన్న మాట స్పెల్లింగ్ తప్పు పడింది. దాని మీద అనుమానం రావడంతో 2 కోట్ల డాలర్ల బదిలీ ఆగింది. మిగతా ఆదేశాల్లో చాలావరకు ఇతర కారణాలతో నిలిచిపోయినా, 8.1 కోట్ల డాలర్లు చేజారాయి. అప్పట్లో అక్షర దోషం ఒక రక్షణ. కృత్రిమ మేధతో రాసే ఈమెయిళ్లలో ఆ దోషాలు పెద్దగా ఉండవు. తప్పుల్ని బట్టి మోసాన్ని గుర్తుపట్టమని ఉద్యోగులకు ఇన్నాళ్లూ ఇచ్చిన శిక్షణ ఇప్పుడు సగం పనికిరాదు.

2024 మొదట్లో బ్రిటిష్ ఇంజినీరింగ్ సంస్థ ఆరప్ హాంకాంగ్ కార్యాలయంలో జరిగింది చూస్తే ఈ మార్పు అర్థమవుతుంది. రహస్య లావాదేవీ గురించి ఈమెయిల్ వస్తే అక్కడి ఉద్యోగి మొదట అనుమానించారు. అంటే శిక్షణ పనిచేసింది. తర్వాత వీడియో కాల్‌లో ఉన్నతాధికారి, సహోద్యోగులు కనిపించి మాట్లాడేసరికి అనుమానం పోయింది. ఆ కాల్‌లో ఉన్న మిగతావారంతా డీప్‌ఫేక్‌లే, అంటే కృత్రిమ మేధతో తయారైన నకిలీ ముఖాలు, గొంతులే. 15 విడతల్లో 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు వెళ్లిపోయాయి. ఇక్కడ ఉద్యోగిని తప్పుపట్టడం అన్యాయం. కళ్లతో చూసి, చెవులతో విన్నదాన్ని కాదనమని ఏ మనిషినీ అడగలేం. చూసినా విన్నా సరే, తెలిసిన నంబర్‌కు తిరిగి ఫోన్ చేసి, రెండో వ్యక్తి సంతకం పెడితే తప్ప పెద్ద మొత్తం కదలకూడదన్న నియమం ఉండాలి. ఆ నియమం పాటించి పని ఆలస్యం చేసిన ఉద్యోగిని ఎవరూ కోప్పడకూడదు. చాలాచోట్ల కాగితం మీద మొదటిది ఉంటుంది, ఆచరణలో రెండోది ఉండదు.

హెల్ప్‌డెస్క్ కూడా ఇదే కోవలోకి వస్తుంది. పాస్‌వర్డ్ మర్చిపోయానని ఉద్యోగిలా నటిస్తూ ఫోన్ చేసి, కొత్తది ఇప్పించుకోవడం పాత ఎత్తే. 2025 ఏప్రిల్‌లో బ్రిటన్ రిటైల్ సంస్థ మార్క్స్ అండ్ స్పెన్సర్ మీద దాడి ఇలా బయటి సేవా సంస్థ ద్వారా, మరొకరిలా నటించడంతోనే మొదలైందని సంస్థ ఛైర్మన్ పార్లమెంటు కమిటీకి చెప్పారు. ఆన్‌లైన్ ఆర్డర్లు ఆరు వారాలకు పైగా ఆగిపోయాయి. లాభాల మీద సుమారు 30 కోట్ల పౌండ్ల భారం పడుతుందని సంస్థ అంచనా వేసింది.

కృత్రిమ మేధ సహాయకులను ఆఫీసు ఈమెయిళ్లకు, ఫైళ్లకు కలిపేయడంతో ఇంకో కొత్త దారి తెరుచుకుంది. చదవాల్సిన సమాచారం ఏది, పాటించాల్సిన ఆదేశం ఏది అన్న తేడా ఆ మోడళ్లకు గట్టిగా తెలియదు. 2025లో మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్‌లో ఎకోలీక్ పేరుతో బయటపడ్డ లోపం ఇలాంటిదే. ఆదేశాలు దాచిన ఒక్క ఈమెయిల్ వస్తే చాలు, ఉద్యోగి దేన్నీ నొక్కకపోయినా లోపలి సమాచారం బయటికి వెళ్లే వీలుండేది. ఎవరూ వాడుకోకముందే దాన్ని సరిచేశారు. లోపం తీరినా దాని వెనకున్న మూలకారణం అలాగే ఉంది. కాబట్టి ఇలాంటి సహాయకులకు కొత్తగా చేరిన ఉద్యోగికి ఇచ్చినంత అధికారమే ఇవ్వడం మంచిది.

ప్రభుత్వాల అండ ఉన్న దాడులు, తప్పుకుంటున్న బీమా

వోల్ట్ టైఫూన్ అనే గుంపు కొన్ని కీలక మౌలిక వసతుల నెట్‌వర్క్‌లలో కనీసం ఐదేళ్లుగా తిష్టవేసిందని 2024 ఫిబ్రవరిలో అమెరికా, దాని మిత్రదేశాల సంస్థలు హెచ్చరించాయి. దీని వెనక చైనా ప్రభుత్వం ఉందన్నది వాటి ఆరోపణ, చైనా దాన్ని ఖండిస్తోంది. ఈ గుంపు వైరస్ లాంటిది పెద్దగా వాడదు. కంప్యూటర్‌లో ముందునుంచీ ఉన్న నిర్వహణ పరికరాలతోనే పని కానిచ్చుకుంటుంది. అందుకే యాంటీవైరస్‌కు చిక్కదు. సమాచారం దొంగిలించడం కంటే, అవసరమైన రోజున నీరు, కరెంటు ఆపగలిగేలా చోటు సిద్ధం చేసుకోవడం దీని ఉద్దేశమని ఆ సంస్థలు చెబుతున్నాయి.

యుద్ధంతో సంబంధం లేనివారికీ దెబ్బ తగులుతుంది. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద దండయాత్ర మొదలైన రోజే వయాశాట్ ఉపగ్రహ మోడెమ్‌ల మీద దాడి జరిగింది. దాంతో జర్మనీలో సుమారు 5,800 గాలిమరలకు రిమోట్ పర్యవేక్షణ తెగిపోయింది.

బీమా ఉంది కదా అనుకునే సంస్థలు ఇక్కడ ఒక విషయం గమనించాలి. నాట్‌పెట్యాతో నష్టపోయిన మందుల కంపెనీ మెర్క్ 140 కోట్ల డాలర్ల క్లెయిమ్ వేస్తే, ఇది యుద్ధచర్య అంటూ బీమా సంస్థలు తిరస్కరించాయి. న్యూజెర్సీ కోర్టుల్లో మెర్క్‌కు అనుకూలంగా తీర్పులు వచ్చాయి. 2024 జనవరిలో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. అయితే ఈలోగా లండన్‌లోని లాయిడ్స్ బీమా మార్కెట్, దేశాల అండతో జరిగే భారీ దాడులను సైబర్ పాలసీల నుంచి మినహాయించాలని 2023 నుంచి నిబంధన పెట్టింది. అందరూ ఒకేసారి దెబ్బతినే రోజున బీమా డబ్బు వస్తుందో రాదో పాలసీ చదివి తెలుసుకోవాల్సిందే.

క్వాంటం గడువు

ఇప్పటి ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించగల క్వాంటం కంప్యూటర్ ఇంకా రాలేదు. అయినా దొంగిలించిన ఎన్‌క్రిప్టెడ్ సమాచారాన్ని దాచిపెట్టి, అది వచ్చాక విప్పుకునే అవకాశం ఉంది. పదేళ్ల తర్వాత కూడా రహస్యంగా ఉండాల్సిన వైద్య రికార్డులు, డిజైన్లు ఉన్నవారికి ఇది ఈరోజు సమస్యే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో క్వాంటం కంప్యూటర్లను తట్టుకునే ఎన్‌క్రిప్షన్ కోసం మూడు కొత్త ప్రమాణాలను విడుదల చేసింది. ఏ వ్యవస్థలో ఏ ఎన్‌క్రిప్షన్ వాడుతున్నారో జాబితా రాసుకోవడం మొదటి పని.

డబ్బు కడితే తేలిపోతుందా?

2021 మేలో ర్యాన్సమ్‌వేర్ దాడికి గురైన అమెరికా ఇంధన సరఫరా సంస్థ కలోనియల్ పైప్‌లైన్ 75 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి లెక్కలో సుమారు 44 లక్షల డాలర్లు చెల్లించింది. వచ్చిన డిక్రిప్షన్ సాధనం ఎంత నెమ్మదిగా ఉందంటే, సంస్థ తన బ్యాకప్‌ల మీదే ఆధారపడాల్సి వచ్చింది. చేంజ్ హెల్త్‌కేర్ విషయంలో 2.2 కోట్ల డాలర్లు చెల్లించాక, ముఠాలోనే పంపకాల గొడవ వచ్చి, మరో ముఠా అదే డేటాతో మళ్లీ బెదిరించింది. 2024 ఫిబ్రవరిలో లాక్‌బిట్ ముఠా సర్వర్లను వివిధ దేశాల పోలీసులు స్వాధీనం చేసుకున్నప్పుడు, డబ్బు కట్టినవారి డేటా కూడా అందులో కనిపించింది. తొలగిస్తామన్న మాట అబద్ధం. ప్రాణాల మీదికి వచ్చిన ఆసుపత్రి నిర్ణయాన్ని దూరం నుంచి తప్పుపట్టడం తేలికే. కానీ డబ్బుకు బదులుగా దొరికేది ఏమిటన్న దాంట్లో మాత్రం సందేహం అక్కర్లేదు.

తేరుకోవడం అనే పని

బ్యాకప్ ఉంటే చాలన్న ధీమా అన్నిటికంటే ప్రమాదకరమైనది. 2023 అక్టోబర్‌లో దాడికి గురైన బ్రిటిష్ లైబ్రరీ దగ్గర డిజిటల్ సంపద నకళ్లు భద్రంగా ఉన్నాయి. వాటిని తిరిగి పెట్టడానికి పనిచేసే సర్వర్లు లేవు. పాత సాఫ్ట్‌వేర్లలో కొన్నిటికి తయారీదారుల మద్దతు ఆగిపోయింది, కొన్ని కొత్త వ్యవస్థల్లో నడవవు. లైబ్రరీ డబ్బు కట్టలేదు. 2024 మార్చిలో తన లోపాలను తానే వివరిస్తూ నివేదిక ప్రచురించింది. దాడికి గురైన సంస్థలు నోరు విప్పని లోకంలో ఇది ఎంతో గౌరవించదగిన పని. మిగతా సంస్థలు ఉచితంగా నేర్చుకోగలిగింది అలాంటి నివేదికల నుంచే.

షిప్పింగ్ సంస్థ మేర్స్క్ అనుభవం ఇంకో లోపాన్ని చూపిస్తుంది. నాట్‌పెట్యా తర్వాత ఆ సంస్థ పది రోజుల్లో 4,000 సర్వర్లను, 45,000 కంప్యూటర్లను మళ్లీ సిద్ధం చేసింది. ఇది అసాధారణ వేగం. కానీ ఉద్యోగుల లాగిన్లు, అనుమతులు మొత్తం ఉండే డొమైన్ కంట్రోలర్లు ప్రపంచవ్యాప్తంగా తుడిచిపెట్టుకుపోయాయి. అవి ఒకదానికొకటి నకళ్లు కాబట్టి వేరే బ్యాకప్ ఎందుకని ఎవరూ తీయలేదు. ఘానాలో దాడి సమయానికి కరెంటు పోయి ఆగిపోయిన ఒక్క కంట్రోలర్ మాత్రం మిగిలింది. దాని డిస్క్‌ను మనుషులు చేతులు మార్చుకుంటూ లండన్‌కు చేర్చారు. ఒక కరెంటు కోత లేకపోతే ఆ పది రోజులు ఎన్నాళ్లయ్యేవో చెప్పలేం.

ఈ రెండు అనుభవాల నుంచి తయారీ ఎలా ఉండాలో తెలుస్తుంది. మొదట, సంస్థ ఆగకుండా చేయాల్సిన కనీస పనులేమిటో యాజమాన్యం తేల్చాలి. ఆసుపత్రికి అత్యవసర విభాగం, కర్మాగారానికి ఆర్డర్లు, ఏ సంస్థకైనా జీతాలు. ఆ పనులకు ఏ సర్వర్లు, ఏ బయటి సేవలు కావాలో వెనక్కి గీసుకుంటూ వెళ్లాలి. ఈ పటం గీస్తున్నప్పుడే చాలా సంస్థలకు ఎవరికీ తెలియని ముడులు కనిపిస్తాయి. లాగిన్ వ్యవస్థకు నెట్‌వర్క్‌తో సంబంధం లేని నకలు ఒకటి ఉండాలి. బ్యాకప్‌లలో ఒకటైనా, ప్రధాన అడ్మిన్ పాస్‌వర్డ్ చేతికి చిక్కినా చెరపలేని విధంగా ఉండాలి. ఎందుకంటే ముఠాలు ఇప్పుడు ముందుగా వెతికేది బ్యాకప్‌ల కోసమే. ఏడాదికి ఒకసారైనా ఖాళీ యంత్రాల మీద అసలు వ్యవస్థను మొదటినుంచీ నిలబెట్టి, ఎన్ని గంటలు పట్టిందో రాసుకోవాలి. ఆ గంటల లెక్క లేని సంస్థ తన రికవరీ ప్రణాళికను ఇంకా చూడనట్టే.

లోపలికి వచ్చిన దుండగుడు అన్ని గదులూ తిరగకుండా నెట్‌వర్క్‌ను విభాగాలుగా విడగొట్టడం, రెండంచెల ధ్రువీకరణను అన్ని రిమోట్ లాగిన్లకూ పెట్టడం, ఓటీపీల కంటే మోసానికి లొంగని పాస్‌కీల (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లేదా కంప్యూటర్‌లో ఉండే డిజిటల్ తాళంచెవుల) వైపు మారడం, ఇవి తెలిసిన మాటలే. ప్యాచ్‌ల (లోపాలను సరిచేసే అప్‌డేట్ల) విషయంలో మాత్రం వేగం మారింది. 2017 మే 12న వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ విరుచుకుపడేనాటికి దానికి మందు వచ్చి దాదాపు రెండు నెలలైంది. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌షెల్ లోపం బహిరంగమైన గంటల్లోనే దాన్ని పెద్దఎత్తున వాడుకోవడం మొదలైంది. నెలకోసారి ప్యాచ్ వేసే పద్ధతి, ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉన్న వ్యవస్థలకు ఇక సరిపోదు.

చిన్న సంస్థలకు ఇంత బడ్జెట్ ఉండదన్నది నిజమే. అయితే వాటికి తట్టుకునే కండ కూడా తక్కువ. బ్రిటన్‌లో 158 ఏళ్ల చరిత్ర ఉన్న రవాణా సంస్థ కేఎన్‌పీ 2023లో ర్యాన్సమ్‌వేర్ దాడికి గురైన కొద్ది నెలల్లోనే మూతపడింది. సుమారు 700 మంది ఉద్యోగాలు పోయాయి. మార్కెట్ కష్టాలు ముందునుంచీ ఉన్నా, ఆ దెబ్బ నుంచి సంస్థ లేవలేకపోయింది. నెట్‌వర్క్ నుంచి తీసి పక్కన పెట్టే ఒక హార్డ్‌డిస్క్, రెండంచెల లాగిన్, ఆపదలో ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసిన జాబితా ఉండాలి. వీటికి పెద్ద ఖర్చు కాదు.

చట్టాలూ ఇటువైపే నడుస్తున్నాయి. యూరోపియన్ యూనియన్ ఎన్‌ఐఎస్2 నిబంధనల ప్రకారం పెద్ద ఘటన జరిగితే 24 గంటల్లో తొలి హెచ్చరిక, 72 గంటల్లో వివరమైన సమాచారం ఇవ్వాలి. 2025 జనవరి 17 నుంచి ఆర్థిక సంస్థలకు అమలవుతున్న డోరా చట్టం తట్టుకునే శక్తిని పరీక్షించి చూపించమంటోంది, బయటి సాంకేతిక సరఫరాదారుల రిజిస్టర్ ఉంచమంటోంది. గడువులు కఠినంగా ఉంటే కాగితాలు నింపడమే పనైపోయే ప్రమాదం ఉంది. అయినా సరఫరాదారుల జాబితా అడగడం మాత్రం సరైన చోట వేలు పెట్టడమే.

చేతిపని తెలిసినవారు

2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థల మీద దాడి జరిగి సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. సిబ్బంది వాహనాల్లో సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లను చేత్తో వేశారు. కొన్ని గంటల్లో దీపాలు వెలిగాయి. 2019 మార్చిలో నార్వే అల్యూమినియం సంస్థ నార్స్క్ హైడ్రో మీద దాడి జరిగినప్పుడు అది డబ్బు కట్టలేదు. ఏం జరుగుతోందో బహిరంగంగా చెబుతూ వచ్చింది. ఆర్డర్ల ముద్రిత కాపీలున్న చోట యంత్రాలను చేత్తో నడిపారు. పాత పద్ధతులు తెలిసిన రిటైరైన ఉద్యోగులు సాయానికి వచ్చారు. నష్టం సుమారు 7 కోట్ల డాలర్లయినా, సంస్థ మీద కొనుగోలుదారుల నమ్మకం నిలిచింది.

ఆ రిటైరైనవారి తర్వాతి తరం స్క్రీన్ల మీదే పని నేర్చుకుంది. చేత్తో నడిపే పద్ధతిని రాసిపెట్టి, ఏడాదికి ఒక పూట అందరిచేతా చేయించి చూడటం ఇప్పుడు ఏ సంస్థ భద్రతా బడ్జెట్‌లోనైనా ఉండాల్సిన పద్దు.